"పాపం" అనే మాట



మన తెలుగులో "పాపం" అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి దేవుని యెదుట చేసిన దోషం. రెండవది జాలి. కుంటుతూ నడిచే మనిషి ఎదురైతే మన నోట వచ్చేది ఆ రెండవదే. అది నిజంగా ప్రేమేనా?

తమిళనాడులోని సేలం జిల్లాకు చెందిన మారియప్పన్ తంగవేలుకు అయిదేండ్ల వయసులో, బడికి వెళ్తుండగా, బస్సు ఎక్కి కుడికాలు నలిగిపోయింది. ఆయన 2016లో రియో పారాలింపిక్స్‌లో 1.89 మీటర్ల ఎత్తు దూకి బంగారు పతకం గెలిచారు. 2021లో టోక్యోలో వెండి, 2024లో పారిస్‌లో కంచు పతకం తెచ్చారు.

ఆయనను గూర్చి మనం చెప్పుకునేది బస్సు ప్రమాదం, కూరగాయలమ్మి పెంచిన తల్లి కష్టం. అవి నిజమే. కాని 1.89 మీటర్లంటే మనలో చాలామంది తలకంటె ఎత్తు. దానికెంత సాధన చేశారని అడిగేవారు తక్కువ.

"అయ్యో పాపం" అనేవారు అట్టివారి నుండి ఏమీ ఆశించరు. "మహాద్భుతం, వీరిని చూచి మనం సిగ్గుపడాలి" అనేవారు ఆకాశానికెత్తుతారు. ఎవరూ పక్కన కూర్చోబెట్టుకోరు. మరి ఏ పతకమూ రాని వికలాంగుని మాటేమిటి? గౌరవం పొందడానికి అతడు ముందుగా వీరుడు కావాలా?

యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు ఇది ఎవరి పాపమని అడిగారు. ప్రభువు ఆ ప్రశ్నను త్రోసివేశారు. సిలోయము కోనేటికి వెళ్లి కడుగుకొమ్మని అతనికొక పని చెప్పారు. తర్వాత అతడు పరిసయ్యుల ముందు తన సాక్ష్యం తానే చెప్పుకున్నాడు.

కొన్నేండ్ల క్రితం మా యౌవనస్థుల కూడికలో ఆటలు పెట్టినప్పుడు, పోలియో వచ్చిన ఒక తమ్ముని చేతికి నేను స్కోరు పుస్తకమిచ్చి కూర్చోబెట్టాను. దయ చూపాననుకున్నాను. "నువ్వూ ఆడతావా?" అని మాత్రం అడగలేదు. ఆడలేడని నేనే తీర్పు తీర్చేశాను.

సహాయం వద్దనడం లేదు. గుడి మెట్ల పక్కన వాలుదారి కట్టించడం మన బాధ్యత. అయితే దారి చూపిన తర్వాత పాటకో, ప్రార్థనకో, సంఘ లెక్కలకో పిలవకపోతే ఆ దారి ఎందుకు? ఆ రోజు నా నోట రాని ప్రశ్నను మీరైనా అడగండి. జవాబు వారినే చెప్పనివ్వండి.

అట్టి మనసు ప్రభువు మనకందరికీ దయచేయును గాక.