దాహం హక్కు అవుతుందా?

వొకనికి దాహమైంది. పక్కింటి బావిలో నీళ్ళున్నాయి. ఆ నీటి మీద అతనికున్నది హక్కా, లేక పక్కింటివాని దయ మాత్రమేనా? మన పెద్దలు చలివేంద్రం పెట్టినవానికి పుణ్యం వస్తుందన్నారు గాని, తాగినవానికి హక్కు వుందని యెక్కడా అనలేదు. ఇచ్చేవాని ఔదార్యం మీద నిలబడ్డ నీతి అది. అడిగేవాని అవసరం అందులో కేవలం వొక సందర్భం.

యీ ప్రశ్న రెండు దేశాల మధ్య వచ్చినప్పుడు దాని అసలు స్వరూపం బయటపడుతుంది. సింగపూరు సుమారు 735 చదరపు కిలోమీటర్ల దీవి. జనం 60 లక్షలు. ఏటా దాదాపు 2,400 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అక్కడ నీటి కొరత వాన లేక వచ్చింది కాదు, పడ్డ వానను నిలుపుకొనే చోటు లేక వచ్చింది.

ఔదార్యంతో నీరు తెచ్చే ప్రయత్నం కూడా అక్కడ జరిగింది. టాన్ కిమ్ సెంగ్ అనే వర్తకుడు 1857లో పట్టణానికి మంచినీరు తెప్పించమని 13,000 డాలర్లు ఇచ్చాడు. వలస ప్రభుత్వపు ఇంజనీర్ల నిర్వాకంలో ఆ సొమ్ము నేలపాలైంది. దాత 1864లో చనిపోయాడు. ప్రభుత్వం 1882లో అతని పేర వొక ఫౌంటెన్ కట్టించి రుణం తీరిందనుకున్నది. 1942 జనవరి చివర వెనక్కు తగ్గుతున్న బ్రిటిష్ సైన్యం జొహోర్ వంతెనదారిని పేల్చివేసినప్పుడు, దానితోపాటే నీటి గొట్టమూ తెగింది. ఫిబ్రవరి 15 నాటి లొంగుబాటుకు నీటి కొరత వొక ముఖ్యకారణం.

దయ తర్వాత వచ్చింది ఒప్పందం. 1962 ఒప్పందం ప్రకారం సింగపూరు జొహోర్ నది నుంచి 2061 దాకా రోజుకు 25 కోట్ల గాలన్ల వరకు తీసుకోవచ్చు. వెయ్యి గాలన్లకు వెల 3 సెన్లు. శుద్ధి చేసిన నీటిలో కొంత జొహోర్‌కు వెయ్యి గాలన్లు 50 సెన్ల చొప్పున తిరిగి అమ్ముతుంది. వెల చాలా తక్కువ, సవరించాలని మలేషియా అంటుంది. సవరించుకొనే అవకాశం పాతికేళ్ళకు వచ్చింది, అప్పుడు వాడుకోలేదు గనుక ఇప్పుడు లేదని సింగపూరు అంటుంది. శుద్ధి ఖర్చు తమకు 50 సెన్లకు చాలా పైన పడుతుందని కూడా చూపుతుంది. లెక్క నిజమే కావచ్చు. అయితే గడువు దాటింది గనుక ధర న్యాయమైపోతుందా? వడ్డీవ్యాపారి పత్రం కూడా గడువు మాటే చెబుతుంది.

అటువైపు వాదాన్నీ పరీక్షించాలి. ఆ 3 సెన్లు దేనికి వెల? వానను జొహోర్ తయారు చేయలేదు. ఆనకట్ట, గొట్టాలు, శుద్ధి కేంద్రం, వీటిలో మనిషి శ్రమ వుంది. లింగియు జలాశయానికి డబ్బు పెట్టింది కూడా సింగపూరే. నది తన సరిహద్దులో పారుతున్నందుకు వసూలు చేసేది భూస్వామి కౌలు వంటిదే. వెల పెరిగినంత మాత్రాన ఆ సొమ్ము జొహోర్ పల్లెలోని కుళాయి దాకా వస్తుందన్న హామీ యెవరిచ్చారు? అయినా వొక మాట వున్నది. లింగియు కింద మునిగిన నేల జొహోర్‌ది. 2016 అక్టోబరులో ఆ జలాశయం 20 శాతానికి పడిపోయినప్పుడు, నది యెండితే ముందు తన ప్రజల గొంతు తడపాలని జొహోర్ అడిగితే తప్పు పట్టలేం. అవసరమే హక్కయితే ఆ హక్కు రెండు ఒడ్డులకూ వుంటుంది.

ఇంతకూ నన్ను ఆపేది మరొక విషయం. 1965 ఆగస్టులో విడిపోయిన రోజుల్లోనే, మాట వినకపోతే నీరు ఆపుతామని వొత్తిడి తేవచ్చునని తుంకు అబ్దుల్ రహ్మాన్ బ్రిటిష్ హైకమిషనర్‌తో అన్నట్టు లీ క్వాన్ యూ తన జ్ఞాపకాలలో రాశాడు. ఆ భయం నిజమైనదే. దాని నుంచే నదీముఖాలకు అడ్డుకట్టలు, 2003 నాటి పునఃశుద్ధ జలం, 2005లో సముద్రపు నీటి శుద్ధి, 2008లో మెరీనా ఆనకట్ట వచ్చాయి. నేడు 17 జలాశయాలు, దీవిలో మూడింట రెండు వంతుల నేల వాటికి పరీవాహకం. పొరుగుదేశం ముందు ఒప్పందపత్రం చూపించి జాగ్రత్తగా మాట్లాడిన అదే అవసరం, స్వదేశంలో పందుల పెంపకందారు ముందు యే పత్రమూ చూపవలసిన పని లేకపోయింది. నీళ్ళు పాడవుతాయని క్రాంజి నుంచి పుంగోల్‌కు తరలించారు. 1984లో పందుల పెంపకమే మానిపించడానికి నిర్ణయించారు. 1966 భూసేకరణ చట్టం చేతిలో వుండనే వున్నది. వారికి పరిహారం, కొత్త ఇళ్ళు ఇచ్చిన మాట నిజం. నదులు బాగుపడ్డ మాటా నిజం. కాని అవసరం సార్వభౌముని ముందు విన్నపంగానూ, రైతు ముందు ఆజ్ఞగానూ మాట్లాడితే, మనం పరిశీలించవలసింది అవసరం యెంత గొప్పదన్నది కాదు, అది యెవరి నోట పలుకుతున్నదన్నది. అమరావతి ప్రణాళికను 2015లో గీసి ఇచ్చింది సింగపూరు వారే గనుక, యీ ప్రశ్న మన నేలకు మరీ పరాయిది కాదు.

2061 నాటికి జొహోర్ నీరు లేకుండా బతకాలన్నది వారి సంకల్పం. సాధ్యం కావచ్చు. అప్పుడు సముద్రపు నీటిని మంచినీరు చేసే విద్యుత్తుకు సహజవాయువు కావాలి, అది దిగుమతి సరుకు. సొరంగాలు తవ్వడానికి కూలీలు కావాలి. నిర్మాణపు పనుల్లో బంగ్లాదేశీయులూ తమిళులూ వున్నట్టే మన తెలుగు జిల్లాలవాళ్ళూ అక్కడ వున్నారు. పొరుగువానికి వొకప్పుడు ఇచ్చిన 3 సెన్ల స్థానంలో ఇకపై యెవరికి యెంత ఇవ్వాలో యే ఒప్పందంలోనూ ఇంకా రాయలేదు.