ఖాళీ తూటాలో ఏం నింపాలి?

మన ఇళ్ళల్లో ఏదీ ఊరికే పోదు. ముదిరిన సొరకాయ నీళ్ళ బుర్ర అవుతుంది. చిరిగిన చీర బొంత అవుతుంది. వేటలో గురి తప్పిన బాణాన్ని వెతికి తెచ్చుకుంటాం. పారేయకుండా వాడుకోవడం మంచి గుణమని పెద్దలు నేర్పారు. అయితే పొదుపు ఎప్పుడూ మంచిదేనా? ఒక ఇత్తడి గొట్టాన్ని ముందు పెట్టుకుని ఆలోచిద్దాం.

తుపాకి పేలితే గుండు ముందుకు పోతుంది. మందు నింపిన ఇత్తడి గొట్టం బయటపడుతుంది. అందులో సుమారు 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు. పేలినప్పుడు ఉబ్బి, వెంటనే కొంత ముడుచుకుంటుంది కాబట్టి ఒక్క వాడకంతో పాడవదు. అమెరికాలో గురి పోటీలకూ వేటకూ వెళ్ళేవారు సైన్యం వాడి వదిలిన గొట్టాలను కొంటారు. కడిగి, కొలతకు తెచ్చి, కొత్త రంజకం, మందు, గుండు పెట్టుకుంటారు. పగిలినవాటిని తీసేస్తారు. ఖర్చు తగ్గుతుంది, లోహం మిగులుతుంది. బాణం వెతికి తెచ్చుకునే మనం వాళ్ళను వేలెత్తి చూపలేం.

లావోస్ దేశంలో ఇంకో రకం పొదుపు ఉంది. 1964 నుంచి 1973 వరకు అమెరికా విమానాలు అక్కడ 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేశాయి. నాపియా అనే ఊరివాళ్ళు ఆ యుద్ధపు అల్యూమినియం తుక్కును కరిగించి చెంచాలు పోస్తున్నారు. చంపడానికి వచ్చిన లోహం అన్నం తినడానికి పనికొచ్చింది. వినడానికి బాగుంది. కానీ ఆ దేశంలో తుక్కు ఏరబోయి, పేలని బాంబుకు బలైనవాళ్ళు ఎందరో. బాంబు వేసినవాడు ఏరడానికి రాడు. ఏరేది పేదవాడే.

కాబట్టి పొదుపును రెండు ప్రశ్నలు అడగాలి. మళ్ళీ దేనికోసం వాడుతున్నాం? ఎవరి ప్రాణం పణంగా పెట్టి ఏరుతున్నాం?

ఆదిలాబాద్ వైపు ఉషేగావ్‌లో ఓజా కళాకారులు పాత ఇత్తడిని కరిగిస్తారు. మట్టి ముద్ద మీద తేనెమైనపు తీగలు చుట్టి, పైన మళ్ళీ మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగిపోయిన చోట ఇత్తడి పోస్తారు. గంట అవుతుంది, దీపం అవుతుంది, దేవర బొమ్మ అవుతుంది. ఆ ఇత్తడి నిన్న ఏమై ఉండేదో ఎవరూ అడగరు. లోహానికి పాపమూ లేదు, పుణ్యమూ లేదు. అచ్చు చేసేది మనిషి. జవాబు చెప్పవలసిందీ మనిషే.

ఇది దూరదేశపు ముచ్చట కాదు. అడవి దారిలో తూటా దొరికితే మన పిల్లలు ఇత్తడి ధర చూసి జేబులో వేసుకోవచ్చు. అది పేలిందో లేదో చూపుతో తేల్చలేం. అనుమతి లేకుండా తూటాలు తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. జేబులో ఒక్క తూటా ఉన్నా, అడవిబిడ్డ మీద అనుమానం తేలిగ్గా పడుతుంది. అందుకే దాన్ని తాకవద్దు, పెద్దలకు చెప్పాలి. ఆ ఇత్తడి పోతే పోనీ. పిల్లవాడి చెయ్యి పోతే ఏ కొలిమిలోనూ మళ్ళీ పోయలేం.

ఉపాధ్యాయులు ఈ రెండు ప్రశ్నలనూ తరగతిలో అడగాలని కోరుతున్నాం. జవాబులు పిల్లలనే వెతకనివ్వండి.