మాత్స్యన్యాయమూ, రాతిలోని బల్లీ

కిందటేడు మా పట్నంలో ఒక రైసుమిల్లువారు కొత్త యంత్రాలు పెట్టి, ఇరవైమంది హమాలీలను ఒక్కరోజున పనిలోంచి తీసేశారు. వాళ్ళలో పాతికేళ్ళుగా అక్కడే బస్తాలు మోసినవాళ్ళున్నారు. వాళ్ళకు కొంత పరిహారమన్నా ఇప్పించమని అడగటానికి నలుగురం వెళ్ళాం. యజమాని చదువుకున్న మనిషి. మమ్మల్ని కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, తన కొడుకు చదువుతున్న పుస్తకంలో ఒక శిలాజం ఫోటో చూపించాడు.

"మాస్టారూ, మీకు తెలియని సంగతి కాదు. దీని కడుపులో బల్లి వుంది, చూడండి. పదిహేను కోట్ల ఏళ్ళనాడే బలమున్నది బలంలేనిదాన్ని మింగింది. అది ప్రకృతి ధర్మం. మీరూ నేనూ మార్చగలమా?" అన్నాడు.

సైన్సు పాఠాలు చెప్పి బతికినవాణ్ణి. అయినా నాకు జవాబు తోచలేదు. ఆ శిలాజం అబద్ధం కాదు, దాని కడుపులో బల్లీ అబద్ధం కాదు. మరి ఆయన మాటలో అబద్ధం ఎక్కడున్నట్టు? ఇంటికి వచ్చాక చాలా రోజులు ఆలోచించాను.

ఆ జంతువు పేరు కాంప్సోగ్నాథస్. మాంసాహారి అయిన డైనోసార్. డైనోసార్ అనగానే కొండంత శరీరం తలపుకు వస్తుంది గాని, ఇది తోకతో కలిపి ఒక మీటరైనా లేదు. పైగా ఇంకా పూర్తిగా ఎదగని పిల్ల. జర్మనీలోని బవేరియాలో 1850లలో బయటపడితే ఒబర్న్‌డార్ఫర్ అనే వైద్యుడు తన సేకరణలో చేర్చుకున్నాడు. ఆ ప్రాంతం ఒకప్పుడు వెచ్చని సముద్రం. దీవుల మధ్య, సముద్రపు దిబ్బల చాటున ఉప్పునీటి మడుగులుండేవి. అడుగునీటిలో ఉప్పు ముదిరి, ప్రాణవాయువు కరువై, శవాలను పీక్కుతినే ప్రాణులు కూడా అక్కడ బతకలేకపోయేవి. అందులో పడ్డదాన్ని మెత్తని సున్నపుబురద కప్పేసింది. ఆ బురదే రాయి అయింది. 1796 ప్రాంతంలో సెనెఫెల్డర్ శిలాముద్రణ కనిపెట్టాక అచ్చుపనికి వాడింది ఆ సోల్న్‌హోఫెన్ రాయినే.

ఈ రాతిని చదివినవాళ్ళ కథ కూడా తెలుసుకోదగ్గదే. 1859లో దీనికి పేరుపెట్టిన వాగ్నర్ ఇదొక విచిత్రమైన బల్లిజాతి అనుకున్నాడు. కడుపులోని చిన్న ఎముకలు చూసి, అది పుట్టని పిల్ల అన్నాడు 1881లో అమెరికా శాస్త్రజ్ఞుడు మార్ష్. 1903లో నొప్చా, పిల్ల కాదు, మింగిన బల్లి అన్నాడు. 1978లో ఆస్ట్రమ్ ఎముక ఎముకనూ పరిశీలించి ఆ మాటే స్థిరపరిచాడు. రాయి ఒక్కటే. ఒకరికి గర్భం కనిపించిన చోట మరొకరికి భోజనం కనిపించింది. తప్పు దిద్దినవాళ్ళు రాతినే ఇంకా జాగ్రత్తగా చూసి దిద్దారు. మా మిల్లు యజమానికి ఆ చోట ధర్మశాస్త్రం కనిపించింది. అది మాత్రం ఎంత జాగ్రత్తగా చూసినా ఆ ఎముకల్లో లేదు.

అక్కడ వున్నదల్లా ఒక ఆకలీ, ఒక భోజనమూ. ఆ జంతువు బల్లులను పట్టే పని మరొక జంతువుచేత చేయించలేదు. పాతికేళ్ళు చేయించుకుని, ఇక అక్కర్లేదని దాన్ని గెంటేయలేదు. తను చేసిన దానికి ప్రకృతిని సాక్ష్యం పిలవనూ లేదు. ఇవన్నీ మనుషులు చేసేవి. చేసేటప్పుడు మరొకలా కూడా చెయ్యవచ్చునని ఎరిగే చేస్తారు. బాధ్యత పుట్టేది ఆ ఎరుకలోనే.

నాకూ ఒక దుర్బుద్ధి పుట్టకపోలేదు. 1902లో క్రొపొత్కిన్ జంతువుల పరస్పర సహాయాన్ని గురించి పుస్తకమే రాశాడు గదా, ఆయన బల్లిని చూపిస్తే నేను చీమలను చూపిద్దామా అనుకున్నాను. కాని అదీ ఆయన చేసిన పొరపాటే. చీమలు కలిసి పనిచేస్తాయి గనక హమాలీకి పరిహారమివ్వాలా? చీమలు కొట్టుకు చస్తే ఇవ్వక్కర్లేదా? మన న్యాయానికి జామీను ఉండటం చీమల పని కాదు.

ఈ సంగతి కాంప్సోగ్నాథస్‌ను బాగా ఎరిగినవాడే చెప్పాడు. డైనోసార్లకూ పక్షులకూ చుట్టరికం వుందని 1868లో దీని ఎముకలను ఆధారం చేసుకుని వాదించినవాడు హక్స్‌లీ. డార్విన్ పక్షాన అంత గట్టిగా పోరాడినవారు అరుదు. ఆయనే 1893లో, ప్రకృతి పోకడను అనుకరించటం నీతి కాదనీ, దాన్ని ఎదిరించటంలోనే సమాజపు నైతికప్రగతి వుందనీ ఉపన్యసించాడు.

అసలు మనవాళ్ళు కూడా పెద్ద చేప చిన్న చేపను మింగటానికి మాత్స్యన్యాయమని పేరుపెట్టింది దాన్ని మెచ్చుకుని కాదు. దండనీతి లేనిచోట ఏర్పడే అరాచకమని అర్థశాస్త్రం దాన్ని వర్ణించింది. ఆ దండం పట్టిన చేతులు పెద్ద చేపలకే కాపలా కాసిన సందర్భాలు చరిత్రలో కొల్లలు. అయినా, మాత్స్యన్యాయాన్ని ఆపటానికే రాజ్యమని ఒప్పుకోక వాళ్ళకూ తప్పలేదు.

మరొక సంగతి. మింగిన జంతువు కూడా ఆ మడుగులోనే చచ్చింది. తిన్నదాన్నీ తినబడ్డదాన్నీ ఒకే బురద కప్పింది. 2018లో పరిశోధకులు ఆ బల్లి కూడా అంతకుముందు తెలియని జాతి అని తేల్చి దానికి వేరే పేరు పెట్టారు. పదిహేను కోట్ల ఏళ్ళు మరొకరి కడుపులో వున్నదానికి కూడా మనిషి పేరు వెతికి ఇచ్చాడు. అలా చెయ్యమని ప్రకృతి చెప్పలేదు.

వచ్చే వారం మళ్ళీ మిల్లుకు వెళుతున్నాం. ఈసారి ఆ పుస్తకం ముయ్యమని, కూలిలెక్కల పుస్తకం తెరవమని అడుగుతాను. అందులో ఆ ఇరవైమంది పేర్లూ వున్నాయి. అది పదిహేను కోట్ల ఏళ్ళనాటి బురద రాసిన పుస్తకం కాదు, మనుషులు రాసింది. మనుషులు రాసిన లెక్కను మనుషులే దిద్దవచ్చు.