పొట్ట చిన్నదైంది, ఆశ కాదు

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళను మా కదిరిలో జనం రెండు రకాలుగా చూస్తారు. నోరు కట్టుకొని బతకాలి పాపం అని కొందరు జాలిపడతారు. తిండి తగ్గించుకోలేక పొట్ట కోయించుకుందని కొందరు నవ్వుకుంటారు. రెండు మాటల వెనకా ఉన్న నమ్మకం ఒక్కటే: తిండి మీద ఆశ మనిషి గుణంలోని లోపమని, కత్తి పడితే అది పోతుందని. ఆ ఆపరేషన్ చేయించుకున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. కత్తికి అంత శక్తి లేదు. ఆశకు అంత పాపమూ లేదు.

నాకు చేసింది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. జీర్ణాశయంలో దాదాపు ముప్పావు వంతు తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంగా మిగులుస్తారు. గ్రెలిన్ అనే ఆకలి హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. అందుకే మొదటి నెలల్లో ఆకలన్నదే తెలియదు. పండగనాడు ఇంటినిండా ఓళిగల వాసన ఉన్నా నాకు మనసు పోలేదు. వైరాగ్యం వచ్చిందిలే అని ఇంట్లోవాళ్ళు వేళాకోళమాడారు. ఆ తర్వాత ఆకలి మెల్లగా తిరిగొస్తుంది, రావాలి కూడా. అయితే ఆకలికంటే ముందే తీపి మీద, అన్నం మీద, బొరుగుల మీద మనసు తిరిగొచ్చింది. ఆకలికి పొట్టలో కొంత చోటుంది. ఆశ ఉండేది తలలో. సర్జన్ అక్కడిదాకా పోడు.

ఆ ఆశ ఎక్కడిదని ఆలోచిస్తే, నాకు మా నేలే గుర్తొస్తుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ప్రాంతం ఇది. అదీ నమ్మకంగా పడదు. ధాత కరువని పెద్దలు చెప్పుకున్న 1876–78 నాటి కరువులో దత్తమండలాలని పిలిచిన మా రాయలసీమ జనం పిట్టల్లా రాలిపోయారు. కరువు సహాయ పనుల్లో కూలీలకు ఎంత తిండి ఇస్తే చాలు అన్న లెక్క అప్పుడే వచ్చింది. వైస్రాయి పంపిన రిచర్డ్ టెంపుల్ 1877లో రోజుకు ఒక పౌను ధాన్యం చాలన్నాడు. అంటే 450 గ్రాములు, చేతిలో కొద్దిపాటి చిల్లర. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఒప్పుకోలేదు. రాళ్ళు కొట్టే మనిషికి ఆ గింజలు చాలవు, పప్పు కూడా ఉండాలి అని వాదించాడు. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు. కడుపు నింపడం వేరు, ఒంటికి పట్టేది పెట్టడం వేరు అన్న తగాదా అప్పటిది. బక్కచిక్కిన మనిషి కోసం కార్నిష్ అడిగిన పప్పునే, లావెక్కిన నా కోసం డైటీషియన్ అడిగింది.

కరువులు దాటి బతికిన జనాల ఒంట్లో, దొరికినప్పుడు దాచుకునే గుణం స్థిరపడి ఉంటుందని జన్యుశాస్త్రవేత్త జేమ్స్ నీల్ 1962లో ఒక ఊహ ప్రతిపాదించాడు. దాని మీద ఇప్పటికీ వాదాలున్నాయి. జన్యువుల సంగతి శాస్త్రవేత్తలు తేల్చుకుంటారు. వంటింటి సంగతి మాత్రం నాకు తెలుసు. మా అవ్వ కాలంలో వరన్నం పండగకో, ఇంటికి అల్లుడొస్తేనో. మిగతా దినాలు రాగిసంగటి, కొర్రన్నం, జొన్నరొట్టె. తర్వాత కొర్రలు, సజ్జలు పండిన చేలల్లోకి చెనక్కాయ వచ్చింది. పండించేది అమ్ముకోవడానికి, తినేది కొనుక్కోవడానికి అయింది. 1983లో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక పండగ తిండి దినాం తిండిగా మారింది. ఆకలి తీరింది కాబట్టి దాన్ని తప్పుపట్టను. కానీ పండగనాటి ఆత్రం మాత్రం అలాగే ఉండిపోయింది. తెల్లన్నం ముందు కూర్చుంటే ఈ పూట వదిలితే మళ్ళీ దొరకదన్నట్టే తింటాం. దీన్ని తిండిపోతుతనం అనడానికి నాకు నోరు రాదు. ఇది వెనకటి తరాల జాగ్రత్త. కాలం మారిందన్న కబురు దానికి ఇంకా అందలేదు.

అసలు చిక్కు ఇంకొకటుంది. చిన్న పొట్టలో నిలిచే తిండి వేరు, జారిపోయే తిండి వేరు. గుడ్డు, కోడికూర, గట్టిగా ఉడికిన ఉలవ గుగ్గిళ్ళు నాలుగు ముద్దలకే చాలనిపిస్తాయి. కదిరి వీధుల్లో పొద్దున్నే ఘుమఘుమలాడే ఉగ్గాని అలా కాదు. నానిన బొరుగులు నోట్లో మెత్తబడి, గొట్టంలోంచి జారి, ఇంకాస్త పెట్టమంటాయి. బిస్కెట్లు, మిక్చరు, ఐస్‌క్రీం అన్నీ ఆ జాతివే. పొట్ట ఎంత కుదించినా వాటికి దారి ఇరుకు కాదు. తగ్గిన బరువు కొందరికి మళ్ళీ పెరగడానికి ఇదీ ఒక కారణం. సంగటిదీ ఒక తమాషా. రాగి మంచిదే, కానీ మేం సంగటిని నమలం. పులుసులో అద్ది మింగుతాం, మింగడమే దాని రుచి. ఆపరేషన్ తర్వాత ప్రతి ముద్దా మెత్తగా నమలాలి. తాతల నాటి తిండికి కొత్తగా పళ్ళు నేర్పాల్సి వచ్చింది.

భయం కాపాడుతుందా? బైపాస్ రకం ఆపరేషన్‌లో తిండి జీర్ణాశయంలో ఎక్కువ భాగాన్ని తప్పించుకొని నేరుగా పేగులోకి పోతుంది. అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ 1966లో మొదలుపెట్టిన దారి అది. ఆ ఆపరేషన్ అయినవాళ్ళు తీపి ఎక్కువ తింటే పావుగంటకో అరగంటకో చెమటలు, గుండెదడ, కడుపులో మెలికలు వస్తాయి. దీన్ని డంపింగ్ అంటారు. కొందరికి గంట నుంచి మూడు గంటల మధ్య రక్తంలో చక్కెర బాగా పడిపోతుంది. అప్పుడు ఒళ్ళు మళ్ళీ చక్కెరే కావాలంటుంది. తీపి తెచ్చిన నీరసానికి తీపినే మందుగా అడగడం, ఆశకున్న అసలు స్వభావం అక్కడ కనిపిస్తుంది. డంపింగ్ మంచి పోలీసని కొందరంటారు. ఆ పోలీసు అందరి దగ్గరికీ రాడు. స్లీవ్ అయినవాళ్ళలో చాలామందికి అసలు రాకపోవచ్చు. వచ్చినా ఎన్నేళ్ళు కాపలా కాస్తాడో చెప్పలేం. భయంతో నిలిచిన నియమం భయం పోయిన రోజున పోతుంది.

వైరాగ్యం కాపాడుతుందా? వేమన సమాధి ఉన్న కటారుపల్లి మాకు దగ్గరే. భోగి యోగి అయిన కథ వింటూ పెరిగినవాళ్ళం. ఒక్క దెబ్బతో అన్నీ వదిలేయడమంటే మనకు గౌరవం. కానీ సారా మానినవాడు అంగడి ఉన్న వీధికే పోకుండా బతకొచ్చు. తిండి దగ్గర ఆ వీలు లేదు. పూటపూటా దాని ముందు కూర్చోవాలి, కొంత తీసుకోవాలి, కొంత వదిలి లేవాలి. సన్యాసికంటే సంసారికి కష్టం ఎక్కువని పెద్దలు అన్నది ఇందుకేనేమో. పైగా గట్టిగా అణిచిన ఆశ ఇంకో దారి వెతుక్కుంటుంది. తీపి మాని మద్యానికి అలవాటుపడేవాళ్ళూ ఉంటారు. ఈ ఆపరేషన్ల తర్వాత మద్యం తొందరగా, ఎక్కువగా తలకెక్కుతుంది కాబట్టి అది మరీ ప్రమాదం.

అందుకే ఆశను చంపే పని మానుకొని దానికి వరస నేర్పుతున్నాను. తినడంలో మొదటి చోటు ప్రొటీన్‌ది, తర్వాత కూర, చోటు మిగిలితే అన్నమో సంగటో. రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా ప్రొటీన్ తినాలంటారు. గుడ్డుకు ఆరు గ్రాములే వస్తుందని లెక్కేస్తే ఆ వరస ఎందుకో అర్థమవుతుంది. మా చెనక్కాయలో నూటికి పాతిక పాళ్ళు ప్రొటీన్ ఉంది, దాదాపు సగం నూనె కూడా ఉంది. కాబట్టి గుప్పెడే, దోసెడు కాదు. సాయంత్రం తీపి మీద మనసు లాగితే ఒక ప్రశ్న వేసుకుంటాను: ఇప్పుడు ఉలవ గుగ్గిళ్ళు పెడితే తింటావా? తింటానంటే ఆకలి, గుగ్గిళ్ళే తింటాను. వద్దు, ఓళిగే కావాలంటే అది ఆశ. నీళ్ళు తాగి, నాలుగడుగులు వేసి, ఎవరితోనైనా మాట్లాడితే చాలాసార్లు సద్దుమణుగుతుంది. నిద్ర చాలని రోజు, మధ్యాహ్నం పప్పు మానేసిన రోజు ఆ లాగుడు ఎక్కువ. అంటే ఆశ కూడా ఏదో చెబుతోంది. వినాలి, అడిగినదల్లా ఇవ్వక్కర్లేదు.

ఈ వరస మన పండగల్లోనే ఉంది. శ్రీరామనవమికి పానకం పక్కన వడపప్పు పెట్టారు. నాలాంటివాళ్ళకు వడపప్పు ముందు, పానకం ఒక్క గుక్క. మంగళగిరి నరసింహస్వామి నోట్లో పానకం పోస్తే సగం పుచ్చుకొని సగం వదిలేస్తాడని భక్తుల నమ్మకం. మా ఖాద్రి నరసింహుడు కూడా ఉగ్రమూర్తే. ఆకలిలాగే కోపానికీ హద్దు తెలియదంటారు. అలాంటి దేవుడు బిందెడు తీపి ముందర సగం చాలంటాడని ఊహించినవాళ్ళకు, చాలు అనడం ఎంత పెద్ద సంగతో తెలిసే ఉండాలి. వద్దు అనడానికి పౌరుషం చాలు. చాలు అనాలంటే తృప్తి కావాలి.

ఆ తృప్తి ఒక్కరి వల్ల అయ్యేది కాదు. మా ఊళ్ళో పెట్టడమే ప్రేమ. కరువు చూసిన ఇళ్ళలో ఇంకొకటి వేయడం కన్నా పెద్ద మర్యాద లేదు. “ఒగటి తింటే ఏమైతాది మా, తిను” అనే వదిన మీద నాకు కోపం లేదు. కానీ ఆపరేషన్ నాకొక్కదానికే జరిగింది, అలవాటు మాత్రం ఇంటిల్లిపాదీ మార్చుకోవాలి. మీ ఇంట్లోనో చుట్టాల్లోనో ఇలాంటివాళ్ళుంటే, ముందుగా పప్పో గుడ్డో గుగ్గిళ్ళో వడ్డించండి. నీళ్ళు భోజనం మధ్యలో కాకుండా అరగంట ఆగి ఇవ్వండి. బి12, ఐరన్, కాల్షియం మాత్రలు వేసుకున్నారా అని అడగండి, అవి ఏళ్ళ తరబడి కావాలి. తీపి పెట్టాలనిపిస్తే చిన్న ముక్క పెట్టి ఊరుకోండి. వాళ్ళు చాలంటే, రెండోసారి అడగకుండా నమ్మండి.