శిక్షకు ముందు అడగవలసిన ప్రశ్న



నేరం చేసినవాడికి తగిన శిక్ష ఏది? ఈ ప్రశ్నకు ప్రతి కాలం తనదైన జవాబు చెప్పుకుంది. దూరం పోనక్కరలేదు, మన ఖమ్మం - భద్రాచలం అడవి దారినే చూద్దాం.

నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న గోల్కొండ సుల్తాన్ అబుల్ హసన్ తానాషా కాలంలో ఈ ప్రాంతపు తహసీల్దారు. ప్రజల నుంచి వసూలైన శిస్తు సొమ్ముతో భద్రాచలంలో ఆలయం కట్టించాడన్నది ఆయనపై వచ్చిన అభియోగం. సుల్తాన్ మంత్రులు అక్కన్న, మాదన్నలకు ఆయన మేనల్లుడని చెబుతారు. అయినా చెరసాల తప్పలేదు. పన్నెండేళ్ళు ఖైదులో ఉన్నాడనీ, కొరడా దెబ్బలు తిన్నాడనీ జనం ఈనాటికీ చెప్పుకుంటారు. ఆయన విడుదల గురించి ఎవరి విశ్వాసం వారిది. మనం గమనించవలసింది ఒకటుంది. ఖజానా సొమ్ముకు లెక్క అడగటం పాలకుని బాధ్యతే. మంత్రుల బంధువైనా విడిచిపెట్టకపోవడమూ మెచ్చదగినదే. కాని ఖైదీని హింసించడం న్యాయం కాదు.

ఆ తరువాత కాలం మారింది. 1860లో భద్రాచలం ప్రాంతం నిజాం చేతి నుంచి ఆంగ్లేయుల చేతికి వెళ్ళింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. కోయలు, కొండరెడ్లు తాతల నాటి నుంచి చేసుకుంటున్న పోడు సేద్యం, పశువుల మేత, కట్టెలు ఏరుకోవడం ఆంక్షల పాలయ్యాయి. నిన్నటి బతుకుతెరువు నేడు నేరమైంది. 1922-24 మన్యం తిరుగుబాటుకు ఈ అటవీ ఆంక్షలు ఒక ముఖ్య కారణం. చివరకు 2006లో అటవీ హక్కుల చట్టం చేసినప్పుడు, అడవి బిడ్డలకు చరిత్రలో అన్యాయం జరిగిందని ఆ చట్టమే ఒప్పుకుంది. మరి అంతవరకు జరిమానాలు కట్టినవారి, జైళ్ళలో మగ్గినవారి మాటేమిటి?

శిక్షల రూపం కూడా మారుతూ వచ్చింది. ఆంగ్లేయుల చట్టంలో ఉన్న కొరడా దెబ్బల శిక్షను మన దేశం 1955లో రద్దు చేసింది. మరణశిక్షను అత్యంత అరుదైన కేసుల్లోనే విధించాలని 1980లో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారం, అయిదు వేల రూపాయల లోపు సొత్తును మొదటిసారి దొంగిలించినవాడు దాన్ని తిరిగి ఇచ్చేస్తే, అతనికి విధించే శిక్ష సమాజ సేవ.

మనుషులు అనుభవంతో నేర్చుకుంటున్న ఈ పాఠాన్ని హజ్రత్ ఉమర్ (రజి) జీవితంలో చూడండి. హాతిబ్ కుటుంబానికి చెందిన బానిసలు ఒకరి ఒంటెను దొంగిలించి, కోసుకుని తిన్నారు. నేరం ఒప్పుకున్నారు. శిక్షకు ఆదేశం కూడా వెలువడింది. అంతలో ఖలీఫా ఆగారు. యజమాని వీరిని ఆకలితో మాడుస్తున్నాడని గ్రహించారు. బానిసల చేతులు నరకలేదు. నాలుగు వందల దిర్హములు ఖరీదు చేసే ఒంటెకు యజమాని చేత ఎనిమిది వందలు కట్టించారు. హిజ్రీ 18వ ఏట కరువు వచ్చినప్పుడు దొంగతనానికి చేయి నరికే శిక్షను ఆయన నిలిపివేశారు. అల్లాహ్ నిర్ణయించిన హద్దును ఆయన మార్చలేదు. ఆ హద్దు ఎవరికి వర్తిస్తుందో, ఎవరికి వర్తించదో తెలిసి నడుచుకున్నారు.

అలాగని నేరాన్ని తేలికగా తీసుకోమని కాదు. గొప్ప వంశానికి చెందిన మఖ్జూమ్ తెగ స్త్రీ దొంగతనం చేసినప్పుడు కొందరు సిఫారసు చేయించారు. దైవప్రవక్త (స) ఆగ్రహించారు. బలవంతుణ్ణి వదిలి బలహీనుణ్ణి శిక్షించినందువల్లే పూర్వ జాతులు నాశనమయ్యాయని హెచ్చరించారు. తమ సొంత కూతురైనా సరే మినహాయింపు ఉండదన్నారు. అనుమానం మిగిలిన చోట హద్దు అమలు చేయరాదన్నది ఫిఖ్హ్ పండితులు పాటించిన సూత్రం.

శిక్షించే అధికారం న్యాయస్థానానిది, ఎవరికి తోచినట్లు వారు తీర్పు చెప్పుకునేది కాదు. ఈ అడవి పల్లెల్లో ఇన్‌ఫార్మర్ అన్న అనుమానంతో, చేతబడి చేశారన్న అనుమానంతో ప్రాణాలు తీసిన సంఘటనలు ఎన్ని జరగలేదు! సాక్ష్యం లేదు, విచారణ లేదు. ఒక ప్రాణాన్ని అన్యాయంగా తీయడం మానవజాతినంతటినీ చంపడంతో సమానమని దివ్య ఖుర్ఆన్ బోధిస్తోంది.

ఇక మన ఇళ్ళ వైపు చూసుకుందాం. గల్లాపెట్టెలో వంద రూపాయలు తగ్గితే ముందుగా ఎవరిని అనుమానిస్తాం? దుకాణంలో పనిచేసే కుర్రవాణ్ణి. ఉంగరం కనిపించకపోతే పనిమనిషిని. నలుగురిలో నిలదీస్తాం, ఆ నెల జీతం ఆపేస్తాం. ఉంగరం పరుపు కింద దొరికిన రోజున క్షమాపణ అడిగేవారు మనలో ఎందరు? అదే సొంత కొడుకు తీస్తే పిల్లవాడిలే అని సర్దుకుంటాం. ఒకవేళ పనివాడే తీశాడని తేలినా, అతని జీతం అతని ఇంటికి సరిపోతోందా అని హజ్రత్ ఉమర్ (రజి) వలె మనల్ని మనం ప్రశ్నించుకున్నామా?

సోదరులారా! రేపు ప్రళయదినాన మనమంతా నేరస్తులుగానే నిలబడతాం. అక్కడ మనం ఆశించేది క్షమాపణే. అల్లాహ్ వద్ద దాన్ని కోరుకునేవారు ఇక్కడ తోటివారి పట్ల ఎలా ఉండాలో ఆలోచించుకుందాం. న్యాయం చేసే ధైర్యాన్నీ, క్షమించే హృదయాన్నీ అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.