వజ్రం, నీరు, వరిగింజ: కృష్ణాతీరంలో మూల్యవిచారణ

ఉపోద్ఘాతం

ఒక వస్తువు విలువ ఆ వస్తువులోనే ఉంటుందా, లేక దానిని కోరే మనిషి అవసరంలో ఉంటుందా అన్నది ప్రాచీనమైన ప్రశ్న. ఈ ప్రశ్నకు కృష్ణానది అరుదైన ఉదాహరణను సమకూర్చింది. ఎగువన పల్నాడులో కొల్లూరు వజ్రాల గని, దిగువన గోల్కొండ రాజ్యపు ప్రధాన రేవైన మచిలీపట్నం, గుడివాడ వరి మాగాణి, దివిసీమ శివారు భూములు ఒకే నదికి చెందినవి. వజ్రమూల్యాన్ని ఈ నదీతీరంలో నిలిపి పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

రత్నశాస్త్రంలో వజ్రం

వరాహమిహిరుని బృహత్సంహిత వజ్రపరీక్షకు ఒక అధ్యాయం కేటాయించింది. ఇతర ద్రవ్యాలతో ఛేదించ వీలుకానిది, నీటిపై తేలేది, మెరుపు వంటి కాంతి గలది ఉత్తమ వజ్రమని అది చెబుతుంది. కాఠిన్యం నేటి పరీక్షకూ నిలుస్తుంది. మోస్ కొలమానంలో వజ్రానిది 10వ స్థానం. తేలడమన్నది నిలవదు, వజ్రం నీటికంటె మూడున్నర రెట్లు సాంద్రమైనది. అదే గ్రంథం వజ్రాలను రంగును బట్టి చాతుర్వర్ణ్యానికి పంచింది. గుణవర్ణన మాటున సామాజిక తారతమ్యం కూడా రాతిలోకి ప్రవేశించిందన్నమాట.

తూనికకు శాస్త్రకారుడు చెప్పిన ప్రమాణం తండులం, అంటే బియ్యపుగింజ. ఎనిమిది తెల్ల ఆవగింజల బరువు ఒక తండులం. ఆకలి తీర్చే గింజ ఆకలి తీర్చని రాతికి కొలత అయింది.

గని, రేవు, శ్రమ

17వ శతాబ్ది తొలి పాదంలో మచిలీపట్నం ఆంగ్ల వర్తకస్థానంలో పనిచేసిన విలియం మెథ్వోల్డ్, గనిలో 30,000 మంది పనిచేస్తున్నట్లు రాశాడు. 1652లో ఇదే రేవులో దిగిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియర్ కొల్లూరులో 60,000 మందిని పేర్కొన్నాడు: పురుషులు తవ్వేవారు, స్త్రీలు, పిల్లలు మట్టి మోసేవారు. రామళ్లకోటగా పండితులు గుర్తించిన మరొక గనిలో, పని బాగా తెలిసినవారికి సైతం ఏడాదికి మూడు వరహాలే వేతనమని అతడే నమోదు చేశాడు. టావెర్నియర్ 14వ లూయీకి అమ్మిన నీలివజ్రం నుంచి రూపొందినదే నేడు వాషింగ్టన్‌లోని 45.52 కారట్ల హోప్ వజ్రం. దాని నీలిమకు కారణం స్వల్పమాత్రమైన బోరాన్ అని విజ్ఞానశాస్త్రం చెబుతుంది. దానిని తవ్విన చేయి ఎవరిదో ఏ శాస్త్రమూ చెప్పలేదు.

నీరు, వజ్రం

1776లో ఆడమ్ స్మిత్ ఒక వైరుధ్యాన్ని ప్రస్తావించాడు: నీటికంటె ఉపయోగకరమైనది లేదు, దానికి మారకపు విలువ దాదాపు శూన్యం, వజ్రానికి ఉపయోగం స్వల్పం, మారకపు విలువ అపారం. కోతకు, తొలిచే పనిముట్లకు వజ్రం అక్కరకు వచ్చే నేడు స్మిత్ మాటను కొంత సవరించాలి. 1870ల నాటి ఆర్థికవేత్తలు ఉపాంత ప్రయోజన సిద్ధాంతంతో ఈ ముడి విప్పారు: ధరను నిర్ణయించేది మొత్తం ఉపయోగం కాదు, అదనంగా లభించే చివరి ప్రమాణపు ఉపయోగం. ఇది ధరకు సమాధానం, న్యాయానికి కాదు.

ఆ వైరుధ్యానికి కృష్ణాతీరం భౌతికరూపమిచ్చింది. డెల్టాలో సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టును స్థిరీకరించడానికి నిర్మించిన 45.77 టీఎంసీల పులిచింతల జలాశయపు ముంపులో కొల్లూరు గని ప్రాంతం కలిసిపోయింది. వరినాటుకు నీరందించడం కోసం సమాజం వజ్రభూమిని వదులుకుంది. అయితే నీటిని నిరపేక్ష శ్రేయస్సుగా కీర్తించడమూ తొందరపాటే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచి వేలమందిని బలిగొన్నది కూడా నీరే. పులిచింతల ముంపు గ్రామాల వారు ఊళ్లు విడిచింది కూడా నీటి కోసమే.

ముగింపు

కాఠిన్యం, కాంతి వజ్రపు గుణాలు; మూల్యం మాత్రం మనుషుల మధ్య ఏర్పడే సంబంధం. ఆ సంబంధంలో తవ్వినవారు, నిర్వాసితులు, శివారు రైతులు లెక్కకు రాకపోతే మూల్యనిర్ణయం అసంపూర్ణం. మన కావ్యాలలోని రత్నవర్ణనలను అలంకారదృష్టితో చాలాకాలంగా చదువుతున్నాం. వాటిని శ్రమదృష్టితోనూ చదవవలసిన అవసరాన్ని కృష్ణాతీరం గుర్తుచేస్తున్నది.