రంగు నీ బండిదే, గాలి అందరిది

గుడిమల్కాపూర్‌లోని చిరంజీవి బిడ్డకు మీ పెద్దబాపు ఆశీర్వదించి రాయునది.

మోకాళ్ల నొప్పులొచ్చి మీ నాన్న నీకిచ్చేసిన బుల్లెట్‌కు డాబా మీద నువ్వే రంగేస్తానంటున్నావట. అదీ మిలిటరీ పచ్చ. చేయి కుదిరితే పాత బండ్లు కొని, రంగులేసి అమ్ముతానని కూడా అంటున్నావట. మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నిన్ను ఆపమని ఆమె కోరిక. నేను ఆపను. పెయింట్ షాపు జీతంతో బతికినవాణ్ని, ఇంకొకడు రంగు పట్టుకుంటానంటే వద్దని ఏ నోటితో చెప్పను? కాకపోతే ఫోన్‌లో చెబితే "సరే పెద్దబాపూ" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నా.

మిలిటరీ పచ్చ సంగతి ముందే తేల్చేద్దాం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది చదువు. రక్షణ శాఖ బండ్లకు తప్ప ఇంకెవరి బండికీ ఆలివ్ గ్రీన్ వేయకూడదు. ఆ రంగు కనబడగానే సైన్యం బండి అని దారిలో ఉన్నవాడు నమ్మాలి, అందుకే ఆ కట్టుబాటు. మెహిదీపట్నం మిలిటరీ గోడల పక్కన పెరిగిన నీకు నేను విడమర్చి చెప్పాలా? రోడ్డు మీద అందరూ వేసుకుని తిరుగుతున్నారు కదా అంటావు. తిరుగుతున్నారు, పట్టుకునేదాకా. వేరే రంగు ఎంచుకున్నా నీ ఇష్టం ఒక్కటే చాలదు. ఆర్‌సీలో రంగుకొక గడి ఉంది. ఆ కాగితంలోని వివరాలకూ కంపెనీ మొదట చెప్పిన వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. బండి పోయిందని స్టేషన్‌కు వెళ్తే నంబరు తర్వాత అడిగేది రంగే. కాబట్టి ముందు ఆర్టీఏ ఆఫీసులో అడిగి, ఆ పని చూసుకుని, తర్వాత డబ్బా మూత తియ్. చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఉన్నచోట టేపు వెయ్యడం మర్చిపోకు. మందంగా పూత పడి అంకెలు పూడిపోతే, నిజాయితీగా కొన్న బండికి కూడా దొంగబండి చూపులు తగులుతాయి.

ఇక రెండో మాట. అసలు ఆ బండికి కొత్త రంగు కావాలా? మాసిన రంగు వేరు, పోయిన రంగు వేరు. ఎండకు పైపొర చచ్చిపోయి తెల్లగా పాలిపోతే, కింద రంగు బతికే ఉంటుంది. ట్యాంకు మీద అరచేయంత మేర రబ్బింగ్ కాంపౌండ్ పెట్టి మెత్తటి గుడ్డతో రుద్ది చూడు. మెరుపు తిరిగొస్తే నీ పని సగం తప్పినట్టే. ఇంకోటి, బుల్లెట్ ట్యాంకు మీద బంగారు గీతలుంటాయి చూడు. మద్రాసు ఫ్యాక్టరీలో వాటిని స్టిక్కర్లుగా అంటించరు, కుంచెతో చేత్తో లాగుతారు. మీ నాన్న బండి మీద ఆ గీతలు మిగిలి ఉంటే, వాటి మీద వాటర్ పేపర్ పెట్టే ముందు ఒక పూట ఆలోచించు. ఎవరో పేరు తెలియని మనిషి ఊపిరి బిగబట్టి లాగిన గీత అది. నీ చేతికి ఆ నిలకడ ఇంకా రాలేదు. నా చేతికి కూడా రాలేదులే.

లేదు, తుప్పు పట్టింది, పొరలు లేస్తున్నాయి, వేయక తప్పదంటావా, సరే. ట్యాంకు దగ్గర జాగ్రత్త. నిండు ట్యాంకు కంటే పెట్రోలు తీసేసిన ట్యాంకే ఎక్కువ ప్రమాదం. లోపల మిగిలేది ఆవిరి, మండేది ఆవిరే. అది గాలి కంటే బరువు, నేల మీద పాకుతూ పోయి ఎక్కడో ఉన్న నిప్పును వెతుక్కుంటుంది. సబ్బునీళ్లతో బాగా కడిగి, ఆరనిచ్చి, నోరు మూసి అప్పుడు పని మొదలుపెట్టు. ఆ పూట మీ అమ్మ దేవుడి దగ్గర వెలిగించే దీపం, అగరొత్తి కూడా లెక్కలోకి వస్తాయి. థిన్నర్ డబ్బా తెరిచి ఉన్నప్పుడు ఇంట్లో ఎవరూ అగ్గిపుల్ల గీయకూడదు.

తర్వాతిదంతా ఓపిక పని, చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. గ్రీజు, మైనం పోయేదాకా తుడవడం, తుప్పును లోహం కనబడేదాకా గోకడం, లప్పం పలచగా పెట్టడం, 320 నుంచి 600 దాకా వాటర్ పేపర్లు మార్చుకుంటూ రుద్దడం, ప్రైమర్. ప్లాస్టిక్ భాగాలుంటే వాటి ప్రైమర్ వేరు. ఒక్క కిటుకు మాత్రం చెబుతా. ప్రైమర్ ఆరాక దాని మీద నల్లరంగు పొగలాగా పలచగా చిమ్మి, చెక్కముక్కకు పేపర్ చుట్టి నీళ్లతో రుద్దు. ఎత్తున్నచోట నలుపు పోతుంది, పల్లం ఉన్నచోట మిగులుతుంది. నీ వేళ్లకు అందని సొట్టలన్నీ ఆ నలుపు చూపిస్తుంది. చాలామంది ఈ మెట్టు ఎగ్గొడతారు, ఎందుకంటే సొట్ట కనబడితే మళ్లీ మొదటికి రావాలి. రంగు కొట్టేటప్పుడు స్ప్రే డబ్బాను జానెడు దూరంలో పట్టుకో. చిమ్మడం రేకు అవతల మొదలుపెట్టి రేకు దాటాకే ఆపు. పూతకూ పూతకూ మధ్య పది పదిహేను నిమిషాలు ఆగు. ఒకేసారి నిండుగా వేయాలని చూస్తే కారిపోతుంది.

వానాకాలంలో మాత్రం ముట్టుకోకు. గాలిలో తేమ ఉంటే ఆరే రంగు మీద తెల్లటి మసక కమ్ముతుంది. మే నెల మధ్యాహ్నం కూడా వద్దు. రంగు రేకును తాకేలోపే గాలిలో ఆరిపోయి గరుకుగా పడుతుంది. చలికాలంలో మంచు విడిచి పొద్దెక్కాక మంచిది. నేల మీద నీళ్లు చల్లి దుమ్ము అణచుకో, మీ నానమ్మ వాకిట్లో కల్లాపి చల్లినట్టే.

ఇంతసేపు ఎందుకని విసుగొస్తుందేమో. ఈ విసుగు పాతదే. ఒకప్పుడు కార్లకు వార్నిష్ రంగులు వేస్తే పొర మీద పొర ఆరి పని ముగియడానికి వారాలు పట్టేది. 1923లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే నైట్రోసెల్యులోజ్ రంగు తెచ్చింది, జనరల్ మోటార్స్ వాళ్లు ఓక్‌లాండ్ కార్లకు నీలం కొట్టారు. వారాల పని గంటల్లోకి వచ్చింది. మన షెడ్లలో ఇప్పటికీ ఎంతోమంది ఏ స్ప్రే రంగునైనా డ్యూకో అనే అంటారు. ఆ వేగానికి వెల చెల్లించింది థిన్నర్ ఆవిరి పీల్చిన మనుషులు. ఆ లెక్క ఏ కంపెనీ పుస్తకంలోనూ రాయరు.

నేను ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇక్కడుంది. డాబా నీదే. గాలి నీది కాదు. స్ప్రే డబ్బాలోంచి వచ్చేదాంట్లో చాలా భాగం రేకు మీద పడదు. సన్నటి పొడిగా ఎగిరి పక్కింటి దండెం మీద ఆరేసిన బట్టల మీద, తెరిచి ఉన్న నీళ్ల ట్యాంకులో, కింద అరుగు మీద కూర్చున్న ముసలావిడ ఊపిరిలో పడుతుంది. మీ గల్లీ ఎట్లాంటిదో నాకు తెలుసు. తెల్లారకముందే పూల మార్కెట్ నుంచి బంతి, చామంతి తెచ్చి గుమ్మాల్లో కుప్ప పోసుకుని దండలు కట్టే ఆడవాళ్లున్నారు. ఆ దండలు ఝాంసింగ్ బాలాజీ గుడికి పోతాయి, పెళ్లిళ్లకు పోతాయి, పాడెల మీదికీ పోతాయి. వాటి మీద నీ థిన్నర్ వాసన పడితే ఆ రోజు వాళ్ల బేరం పోయినట్టే, పైగా నిన్నేమీ అనరు, చిన్నప్పటి నుంచి చూసిన పిల్లాడివని. అనరు కాబట్టే నువ్వు ఆలోచించాలి. ముందురోజే నాలుగిళ్లకూ చెప్పు. వాళ్ల పని ఎప్పుడు ముగుస్తుందో అడిగి ఆ తర్వాతి గంటలు ఎంచుకో. రుద్దిన నీళ్లు మోరీలో పోయకు, అవి చివరికి చేరేది మూసీకే. పాత పసుపు, ఎరుపు రంగుల్లో సీసం ఉండొచ్చు. ఇంటి గోడల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని 2016లో నిబంధనలు పెట్టారు గానీ అవి బండ్ల రంగులకు వర్తించవు. కాబట్టి పొడిగా రుద్దకు, తడిపి రుద్దు. ఆ బురదను గుడ్డలో వడకట్టి వేరుగా పారెయ్.

ఇక క్లియర్, అంటే రంగు మీద వేసే పారదర్శక పూత. ఇది మాత్రం ఇంట్లో కొట్టకు. మామూలు రంగు మీద పెట్రోలు చుక్క పడితే కరుగుతుంది. బంకులో ఒక్కసారి ఒలికితే ట్యాంకు మూత చుట్టూ నీ కష్టమంతా పొరలు పొరలుగా లేస్తుంది. దానికి నిలిచేది హార్డ్‌నర్ కలిపి కొట్టే టూకే క్లియర్. ఆ హార్డ్‌నర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది. అది ఊపిరితిత్తులకు ఒకసారి పడకపోతే, ఆ తర్వాత కొంచెం తగిలినా ఆయాసం పట్టుకుంటుంది. జేబురుమాలు, కరోనా నాటి మాస్కు దాన్ని ఆపలేవు. బయటి నుంచి గొట్టంతో మంచి గాలి అందే మాస్కు పెట్టుకుని చేయాల్సిన పని అది. మా షాపులో పొడిదగ్గుతో రిటైరైన చేతులు నాకు తెలుసు. బంగారంలాంటి పనివాళ్లు, మెట్లెక్కలేకపోయేవారు. కాబట్టి రంగు దాకా నువ్వు తెచ్చుకో, భాగాల్ని గుడ్డలో చుట్టుకుని స్ప్రే బూత్, సరైన మాస్కు ఉన్న పెయింటర్ దగ్గరికి పట్టుకుపో. క్లియర్‌కు అతనడిగింది ఇవ్వు. రుద్దుడంతా నేనే చేశాను కదా అని బేరమాడకు. ఆ పని చేసినవాడివి కాబట్టి ఆ పని కష్టం అందరికంటే నీకే తెలియాలి.

పాత బండ్లు కొని అమ్మడం గురించి. ఇందులో నాకు మొహమాటం లేదు, గట్టిగానే చెబుతా. గీత పడిన బండికి రంగేసి అమ్మడం వ్యాపారం. విరిగిన బండికి రంగేసి అమ్మడం వ్యాపారం కాదు. సొట్టలో వేలెడు మందం లప్పం నింపి పైన మెరుపు కొడితే కొనేవాడి కంటికి తెలియదు. తెలిసినవాడు అయస్కాంతం తెచ్చి ట్యాంకు మీద జరుపుతాడు, లప్పం ఉన్నచోట అది పట్టు వదిలేస్తుంది. కానీ బీదర్ నుంచో షాద్‌నగర్ నుంచో వచ్చి, చిట్టీ ఎత్తి బండి కొనుక్కునే పిల్లాడి జేబులో అయస్కాంతం ఉండదు. ట్యాంకు సొట్ట వాడి డబ్బు మాత్రమే తీస్తుంది. ఫ్రేమ్ మీద, వెల్డింగ్ అతుకు దగ్గర, హ్యాండిల్ మెడ దగ్గర వెంట్రుకవాసి పగులుంటే అది వాడి ప్రాణం తీస్తుంది. అందుకే మంచి పెయింట్ షాపుల్లో ఒక కట్టుబాటు ఉండేది. ఫ్రేమ్‌ను కడిగి, వెలుగులో పట్టి చూసినవాడు సరే అంటేనే దాని మీద ప్రైమర్ పడాలి. రంగేసే మనిషి ఆ లోహాన్ని బట్టలేకుండా చూసే చివరి మనిషి. అతను చూసి కూడా కప్పేస్తే ఇక చూసేవాడు లేడు.

నువ్వు ఈ పని మొదలుపెడితే ఒక అలవాటు చేసుకో. బండి విప్పగానే, రంగు పడకముందు, తుప్పు, సొట్ట, అతుకు అన్నీ ఫోన్‌లో ఫొటోలు తియ్. కొనడానికి వచ్చినవాడికి మెరిసే ట్యాంకు చూపించే ముందు ఆ ఫొటోలు చూపించు. ధర తగ్గుతుంది, ఆ తగ్గినదే దాని ధర. ఇది చాదస్తమని నీ స్నేహితులంటారు. అననీ. గుడిమల్కాపూర్‌లో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద పిల్లర్ నంబరు చెప్పి నీ ఇల్లు ఎక్కడో ఎవరైనా కనుక్కోగలరు. మోసపోయినవాడు కూడా.

మీ అమ్మతో నేను మాట్లాడతాను, ఆమె భయమంతా పెట్రోలు గురించే. ఆర్టీఏ పని ముందు పూర్తి చెయ్. రంగు ఏదో తేల్చుకో, పచ్చ కాక. ట్యాంకు విప్పే రోజుకు రెండు రోజుల ముందు చెప్పు, నేను బస్సెక్కి వస్తా. వాటర్ పేపర్లు నువ్వు కొనకు, నేను తెస్తా.

ఇట్లు,
మీ పెద్దబాపు